రూతమ్మ గుర్తుపట్టిన నొప్పి

రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రూతమ్మను అందరూ సిస్టరమ్మ అనేవారు. నరసాపురం దగ్గర పుట్టి, నర్సు చదువు పూర్తిచేసి, రైల్వే ఉద్యోగి దానియేలును పెళ్లాడి రాయపూర్ వచ్చింది. పాతికేళ్లుగా ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తోంది.

1991లో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చేపలు కడుగుతుంటే పక్క క్వార్టర్‌లోంచి పార్వతమ్మ కేక వినిపించింది. ఆమె భర్త అచ్చయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి వర్క్‌షాపులో వ్యాగన్లకు రివిట్లు కొట్టే మనిషి. యాభై ఆరేళ్లు, గట్టి ఒళ్లు, వదలని బీడీ. నడుము పట్టుకుని నేల మీద ముడుచుకుపోయి ఉన్నాడు. ఒళ్లంతా చల్లటి చెమట.

“పథరీ నొప్పే వదినా, కిడ్నీలో రాయి. నిరుడూ ఇలాగే వచ్చింది. గోలీ ఏసి పడుకోబెడతాను,” అంది పార్వతమ్మ.

రూతమ్మ అతని పొట్ట మీద చెయ్యి ఆనించింది. బొడ్డుకు పైన పిడికిలంత గడ్డ, గుండెతో పాటు కొట్టుకుంటోంది. ఎనిమిదేళ్ల కిందట ఇలాంటి గడ్డతోనే ఒక పెద్దాయన ఆసుపత్రికి వచ్చాడు. మూత్రపిండంలో రాయి అనుకుని ఇంటివాళ్లు సాయంత్రం దాకా ఆగారు. ఆపరేషన్ బల్ల మీదికి చేర్చేసరికి నాడి అందలేదు.

“గోలీ వద్దు, నీళ్లు కూడా పట్టకు. గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం ఉబ్బి చిట్లింది. ఇప్పుడే బయల్దేరాలి. అన్నయ్యా, నా మాట వినపడుతోందా?”

“ఇనపడతంది సిస్టరమ్మా. జల్దీ ఏదోటి సెయ్యండి.”

తెలివి ఉంది. రూతమ్మకు ఆ మాటతోనే సగం ధైర్యం వచ్చింది. దానియేలు జీపు తెచ్చాడు. ఆమె కాలనీ గేటు దగ్గరి ఫోన్‌లో సర్జన్‌ను పిలిచింది. గంట తిరక్కముందే అచ్చయ్య బల్ల మీద ఉన్నాడు. వెల్లూరులో చదివిన సర్జన్ దగ్గర నాళానికి బదులు కుట్టే గుడ్డ గొట్టం ఒక్కటే మిగిలి ఉంది. ఇక కావలసింది రక్తం. దానియేలు క్వార్టర్లన్నీ తిరిగి పదకొండు మందిని వెంటబెట్టుకొచ్చాడు.

నాలుగు గంటలు పట్టింది. కారిన రక్తం వెన్ను వైపే గడ్డకట్టి, పొట్టంతా నిండకుండా ఆగిందట. అయినా సర్జన్ ముఖంలో నవ్వు లేదు.

“బతకడం ఇంకా తేలలేదు సిస్టర్,” అన్నాడు హిందీలో. “రక్తం చాలా పోయింది. మూత్రపిండాలు తేరుకోవాలి.”

మర్నాడంతా మూత్రం గొట్టంలో చుక్కలే. రూతమ్మ డ్యూటీ అయిపోయినా మంచం పక్కనుంచి కదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నానికి సంచీ నిండింది. ఆమె దాదాపు పరుగెత్తుకుంటూ వరండాలోకి వచ్చింది.

“వదినా! అన్నయ్య సంచీ నింపేశాడు!”

పార్వతమ్మ ఏడుస్తూనే నవ్వింది. “ఉచ్చ పోసినందుకు ఇంత పండగేటి వదినా!”

మూడు వారాలకు అచ్చయ్య ఇల్లు చేరాడు. రక్తమిచ్చిన వాళ్లు చూడటానికొచ్చారు. వాళ్లలో సగం మంది ఛత్తీస్‌గఢీలే.

“ఇంక నాను సగం సికాకులపోడిని, సగం ఈ ఊరోడిని,” అన్నాడు అచ్చయ్య, కుట్లు కదలకుండా పొట్ట పట్టుకుని నవ్వుతూ.

వర్క్‌షాపులో అతనికి పనిముట్ల స్టోరులో తేలిక పని ఇచ్చారు. బీడీ పూర్తిగా మానేశాడు. రూతమ్మ కనబడితే కుర్చీలోంచి లేవబోయేవాడు. “కూర్చో అన్నయ్యా,” అని కసురుతూ, హాయిగా నవ్వుకుంటూ ఆమె డ్యూటీకి వెళ్లిపోయేది.