బండల బాటకు రిహార్సల్

మా పెద్దమ్మ ఏ పనీ మొదటిసారి చేయదు. ఆవిడ మొదటిసారి చేస్తున్నట్టు లోకానికి కనిపించే ప్రతి పనీ నిజానికి రెండోసారి చేస్తున్నదే. మొదటిసారిది రిహార్సల్. నాటకాల వాళ్లకు ఉండవలసిన ఈ జబ్బు, జన్మలో స్టేజీ ఎక్కని మా పెద్దమ్మకు ఎలా పట్టుకుందో ఎవరికీ తెలియదు.

రైలు ప్రయాణం ఉందంటే ముందు రోజే పెట్టెలన్నీ సర్ది, పెదనాన్న చేత మోయించి, స్టేషన్ దాకా వెళ్లి, ప్లాట్‌ఫారం మీద నిలబడి, బండి వచ్చి వెళ్లేదాకా చూసి ఇంటికి తిరిగి వచ్చేస్తుంది. ఒకసారి ఒక కూలీ పాపం పెట్టె అందుకుని బండిలో పెట్టబోయాడు.

"ఆగాగు, మేం ఎక్కేది రేపు" అంది పెద్దమ్మ.

"మరి ఇవాళ ఎందుకొచ్చారమ్మా?"

"రేపు కంగారు పడకుండా ఉండటానికి."

కూలీ పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న స్టేషన్ గడియారం వైపు చూశాడు.

పై వాటాలో వాళ్లు పొద్దస్తమానం కుర్చీలు ఈడుస్తున్నారని ఒకసారి ఆవిడకు ఒళ్లు మండింది. వెళ్లి నాలుగూ దులిపేద్దామనుకుంది. అయితే ముందు రిహార్సల్ కావాలి కదా. పెదనాన్నను గుమ్మంలో నిలబెట్టింది.

"కింద మనుషులున్నారన్న ధ్యాసేమైనా ఉందా మీకు?"

"తప్పయిపోయిందే" అన్నాడు పెదనాన్న అలవాటు కొద్దీ.

"మీరెందుకండీ ఒప్పుకుంటారు? మీరిప్పుడు పై వాటా ఆయన. ఆయన ఇంత తేలిగ్గా ఒప్పుకోడు. ఎదురు చెప్పండి!"

పెదనాన్న ఎదురు చెప్పాడు. పెద్దమ్మ ఆయన్ని కడిగిపారేసింది. అంతటితో కోపమంతా ఖర్చయిపోయింది. పైకి వెళ్లి, కుర్చీ కాళ్లకు తొడుక్కోమని పాత మేజోళ్లు ఇచ్చి, ఆ ఇల్లాలితో కాసేపు కబుర్లు చెప్పి వచ్చింది. ఇలా వీధిలో అందరూ తినాల్సిన చీవాట్లన్నీ ఏళ్ల తరబడి మా పెదనాన్న ఒక్కడే తిన్నాడు.

నన్నూ వదల్లేదు. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు, పెదనాన్న కళ్లజోడు తను పెట్టుకుని బల్ల అవతల కూర్చుని నన్ను ప్రశ్నలడిగింది. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. "ఇంకా బెదురుతున్నావు, సాయంత్రం మళ్లీ రా" అంది. అసలు ఇంటర్వ్యూలో ఆ పెద్దమనిషి నన్ను ఇందులో సగం కూడా భయపెట్టలేకపోయాడు.

ఇక బాట సంగతి.

పెదనాన్నకు పెరట్లో కూరగాయల తోట ఉంది. టమాటా, వంగ, ముల్లంగి, తీగ చిక్కుడు, గోడవారన కొత్తిమీర. ఉద్యోగం మానేశాక ఆయన లోకమంతా అదే. పోయిన వానాకాలం మడుల మధ్య బురదలో కాలు జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆ సమయానికి పెద్దమ్మ బజారుకు వెళ్లి ఉంది. పక్కింటి హెడ్మాస్టారు గోడ మీంచి చూసి, నలుగుర్ని కేకేసి, బురదలోంచి ఆయన్ని ఎత్తి మంచం మీద పడుకోబెట్టేదాకా ఆయన అలాగే వంగ మొక్కల మధ్య పడున్నాడు.

ఎముక అతుక్కుంది. మనిషి మాత్రం తేరుకోలేదు. గదిలోంచి వంటింటికి, వంటింట్లోంచి కిటికీ పక్క కుర్చీకి, అంతే. పెరటి గుమ్మం దాటమంటే, "నడవలేక కాదు, ఇప్పుడు పనేముంది అక్కడ?" అనేవాడు. తోటలో కలుపు మోకాలెత్తు పెరిగినా అదే మాట. నొప్పికి భయపడే మనిషి కాదాయన. మళ్లీ పడతానని, మళ్లీ నలుగురూ చూస్తారని భయం. ఆ మాట మాకందరికీ తెలుసు, పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు.

"వానలు మొదలయ్యేలోపు బాగా నడిపించండి. లేకపోతే కాలు బిగుసుకుపోతుంది. తర్వాత నా దగ్గరికొచ్చినా లాభం లేదు" అన్నాడు డాక్టరు.

పెద్దమ్మ ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసింది.

"ఒరే, ఆదివారం రా. తోటలో బండలు పరిపించి బాట వేయిస్తున్నాను. నా చెప్పులకు బురదవుతోంది."

నేను వెళ్లేసరికి మేస్త్రి పెరట్లో నిలబడి తల గోక్కుంటున్నాడు. సిమెంటు బండలు గోడకు ఆనించి ఉన్నాయి. ఇసుక కుప్ప పోసి ఉంది. మడుల మధ్య నేల మీద మాత్రం పాత వార్తాపత్రికలు పరిచి ఉన్నాయి.

"ఇదేంటమ్మా?" అన్నాడు మేస్త్రి.

"బాటకు రిహార్సల్. ఒక్కో కాగితం ఒక్కో బండ అనుకో. నడువు."

"అమ్మా, ఇది ఒక పూట పని. మట్టి తీసి, ఇసుక పోసి, సిమెంటు పెట్టి..."

"సిమెంటు మాటెత్తకు. నడువు."

మేస్త్రి నడిచాడు. ఇంతలో గాలి వచ్చి సగం బాట ఎగిరి హెడ్మాస్టారి పెరట్లో పడింది. మేస్త్రి, అసలు బాట ఎప్పుడో నిర్ణయించుకుంటే కబురు చేయమని చెప్పి, పనిముట్లు మా దగ్గరే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ పనిముట్లు ఎవరి చేతికొచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

తాడు కట్టాను. పలుగుతో, పారతో మట్టి తీశాను. ఇసుక పోసి దిమ్మిసతో కొట్టాను. బండ పెట్టి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టాను. అంతటితో ఊరుకుందా? బాటకు రెండు వైపులా మడుల అంచులు లోతుగా తవ్వించి, బస్తాల కొద్దీ ఎండుటాకులు, గడ్డి నింపించి, పైన పల్చగా మన్ను కప్పించింది.

"పెద్దమ్మా, బాట బండలతో కదా, పక్కన ఈ పరుపులెందుకు?"

"మొక్కలకు బలం. నోరు కాదు, చేతులు ఆడించు."

నా నడుము పట్టేసింది. కిటికీలోంచి పెదనాన్న జాలిగా చూశాడు.

మర్నాటికి బండలు పరవడం అయ్యాక వీధిలో వాళ్లందరికీ పిలుపు వెళ్లింది. పోస్టుమాన్, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, పై వాటా దంపతులు, హెడ్మాస్టారు, అందరూ వచ్చి పెరట్లో వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరూ నీళ్ల బకెట్ పట్టుకుని ఆ చివరిదాకా నడవాలి. అక్కడికి బాగానే ఉంది.

"ఇప్పుడు పడండి" అంది పెద్దమ్మ.

అందరూ ముక్కున వేలేసుకున్నారు.

"పడటమేమిటమ్మా?" అన్నాడు హెడ్మాస్టారు.

"బాటన్నాక పడతారు. పడితే ఎటు పడతారో, ఎలా లేస్తారో చూసుకోవద్దూ? నడవడానికేనా రిహార్సల్, పడటానికి అక్కర్లేదూ?"

అంటూనే చీర కుచ్చిళ్లు దోపుకుని, బాట మధ్యకు నడిచి, దభీమని ముల్లంగి మడిలోకి పక్కవాటుగా పడిపోయింది. మేం లేపడానికి వెళ్లేలోపే ఆవిడ లేచి, మన్ను దులుపుకుని, "ఊఁ, తర్వాత ఎవరు?" అంది.

తర్వాత నేను. చిక్కుడు పందిరి పక్కన పడ్డాను. పోస్టుమాన్ సంచీ తీసి పక్కన పెట్టి మరీ పడ్డాడు. హెడ్మాస్టారు మాత్రం ససేమిరా అన్నాడు. జీవితమంతా పిల్లల ముందు నిటారుగా నిలబడిన మనిషి.

"మాస్టారూ, మీరు పడితేగానీ ఇది బాట కాదు" అంది పెద్దమ్మ.

ఆయన కళ్లజోడు నా చేతికిచ్చి, వంగ మొక్కల మధ్య, సరిగ్గా పెదనాన్న పడిన చోటే, వెల్లకిలా పడ్డాడు. కాళ్లు రెండూ ఆకాశంలోకి లేచాయి.

కిటికీలోంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! నా కళ్లు చెమర్చాయి. మన్ను పడిందని చెప్పి తుడుచుకున్నాను.

"ఒరే! ఆ చివరి బండ ఊగుతోంది. దిమ్మిస కొట్టావా, జోకొట్టావా?" అని కేకేశాడు పెదనాన్న. కాసేపటికి ఆ గొంతు కిటికీలోంచి కాక గుమ్మంలోంచి వచ్చింది. చేతికర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. "ఆ సుత్తి ఇటు ఇవ్వు. నీ వల్ల కాదు."

నేను పరిగెత్తబోతే పెద్దమ్మ నా చొక్కా పట్టుకుని ఆపింది.

"మీరు రాకండి. ఇది ఇంకా రిహార్సలే. అసలు బాట వేయించాక వద్దురుగాని" అంది.

"రిహార్సల్‌కే వస్తానే. ఏం, రాకూడదా?"

"మీ ఇష్టం."

ఆయన గుమ్మం దాటాడు. ఒక బండ, మరో బండ. ఊగే బండ దగ్గరికొచ్చాడు. కర్ర జారింది. మనిషి ఒరిగి, కొత్తిమీర మడిలో కూలబడ్డాడు.

ఎవరం కదల్లేదు. పెదనాన్న తలెత్తి ఒక్కొక్కరి మొహం చూశాడు. మా అందరి బట్టలకూ మన్నే. హెడ్మాస్టారి జుట్టులో వంగాకు ఉంది.

"బాగా పడ్డారు. మాస్టారి కంటే నయం. ఊఁ, తర్వాత ఎవరు?" అంది పెద్దమ్మ.

పెదనాన్న ఒడినిండా కొత్తిమీర వేసుకుని, ఒళ్లు కదిలిపోయేలా నవ్వాడు. తర్వాత ఒక చెయ్యి బండ మీద ఆనించి, ఒక చెయ్యి హెడ్మాస్టారికిచ్చి లేచాడు. లేచినవాడు లోపలికి వెళ్లలేదు. అక్కడే కూర్చుని, ఊగే బండ ఎత్తించి, ఇసుక సర్ది, సుత్తితో తడుతూ సాయంత్రం దాకా నన్ను తిడుతూనే ఉన్నాడు.

వెళ్లిపోతూ హెడ్మాస్టారు నన్ను గోడ దగ్గరికి పిలిచాడు.

"నీకు తెలుసా? వారం నుంచీ మీ పెద్దమ్మ పొద్దున్నే మీ పెదనాన్న లేవకముందు ఈ పెరట్లో ఒక్కతే పడుతోంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. పడ్డ చోటల్లా చేత్తో నొక్కి చూసుకోవడం, గడ్డి వేయడం. మతి చలించిందేమోననుకున్నాను."

నేను కొత్తిమీర మడిలో చెయ్యి పెట్టి చూశాను. మోచేతిదాకా మెత్తగా దిగిపోయింది.

వానలొచ్చాయి. పెదనాన్న ఇప్పుడు రోజూ తోటలోనే ఉంటాడు. కలుపు లేదు, కాపు బాగుంది. సిమెంటు మాత్రం ఇప్పటికీ పడలేదు. బాట బాగుందని ఎవరైనా అంటే, "ఇంకా రిహార్సలేనండీ" అంటాడు, అదేదో పదవి పేరు చెప్పినట్టు.

మొన్న వెళితే ఆయన నన్ను చాటుగా పిలిచి, రెండు బస్తాల ఎండుగడ్డి చూపించాడు.

"పక్క మడుల్లో పాతది అణిగిపోయిందిరా. మీ పెద్దమ్మ చూడకుండా ఇది నింపెయ్యి."

"ఇప్పుడు మీరు పడటం లేదుగా పెదనాన్నా?"

"నాకు కాదురా. వచ్చే వారం మేస్త్రిని పిలిచి అసలు బాట వేయిద్దామంటోంది. అంటే ముందు ఇంకో రిహార్సల్ ఉంటుంది. మొదట పడేది ఆవిడే కదా!"