సాబిర్ భాయ్ పచ్చ షీటు

అమీర్‌పేటలో మూడు నెలల్లో ఏ విద్యయినా నేర్పేస్తారు. గ్యాస్కెట్ కోయడం మాత్రం ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు. అది మా గల్లీలో సాబిర్ భాయ్ ఒక్కడికే వచ్చు. నా జిరాక్స్ షాపు పక్కనే అతని కొట్టు. బాయిలర్ మూతల కింద ఆవిరి కారకుండా పెట్టే బిళ్లే గ్యాస్కెట్. షీటును ఇనప మూత మీద పరిచి, అంచు వెంబడి సుత్తితో టకటకా కొడుతూ పోతే బిళ్ల చక్కగా ఊడివస్తుంది. కొట్టులో కొలత టేపు ఒకటుంది గానీ, అది అతని భార్య షహజాది కర్టెన్ల కోసం కొన్నది.

ఆ కొట్టుకి ఒక ఆచారం ఉంది. కొత్త బిళ్ల కొన్నవాడికి, మూతకి అంటుకుపోయిన పాత బిళ్లని ఉచితంగా గీకి ఇవ్వాలి. ముప్పై ఏళ్లుగా భాయ్ గీకాడు, ఆ దుమ్మును నోటితో ‘ఉఫ్’మని ఊదాడు. ఆ పాత బిళ్లలన్నీ ఆస్బెస్టాసే, అంటే నిప్పుకి కాలని రాతినార. ఉచితంగా చేసిన పనికి ఫలితం కూడా ఉచితంగానే వచ్చింది. పోయినేడు దగ్గు తగ్గక ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళితే, డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంకా ఆ దుమ్ము పీలిస్తే ఊపిరి మిగలదని చెప్పారు. ఎర్రగడ్డ అనగానే గల్లీ అంతా అక్కడి పిచ్చాసుపత్రి అనుకుంది. ఆస్బెస్టాస్ అమ్మడం మానేస్తున్నానని భాయ్ ప్రకటించాక ఆ అనుమానం బలపడింది.

వేరే రకం నారతో చేసిన పచ్చ షీట్లు తెచ్చాడు. మన జనానికి షీటును పరీక్షించడం ఒక్కటే తెలుసు, అంచుకి అగ్గిపుల్ల పెట్టడం. కాలకపోతే అసలు, కాలితే నకిలీ. పచ్చ షీటు పాపం కాస్త పొగ వదిలింది. ఖాతాదార్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి కొట్టుకి మిగిలిన పెద్ద దిక్కు కృష్ణమోహన్ గారు. పంజగుట్టలో ఒక హోటల్‌కి మెయింటెనెన్స్ మేనేజరు, ఇరవై ఏళ్ల బేరం. ఆయనా పోతే షట్టర్ దించేయడమే.

ఒక రోజు ఆయన పాత బిళ్ల అంటుకునే ఉన్న బాయిలర్ మూతని కారులో వేసుకుని వచ్చారు. వస్తూనే పచ్చ షీటుకి లైటర్ పెట్టారు.

"ఏంటి భాయ్, ఇది కాలుతోంది! డూప్లికేట్ అంటగడుతున్నావా?"

"మీ బాయిలర్ మూత కాడ ఎవడన్న అగ్గిపుల్ల గీస్తుండా సార్? ఆడ ఉండేది ఆవిరి. గీ షీటు దానికి మస్తు నిలబడ్తది. జర నమ్మున్రి."

"అదంతా నాకు తెలీదు. ఆస్బెస్టాస్ వాడలేదని మా హెడ్డాఫీసుకి కాగితం కావాలి. నాకు పాత షీటు కావాలి. కాగితం కొత్తదివ్వు, సరుకు పాతదివ్వు. లేదంటే వేరే కొట్టు చూసుకుంటాను."

వేరే కొట్లవాళ్లు ఇచ్చే అలాంటి దొంగ కాగితాలకి ఏడాదిగా జిరాక్సులు తీసిచ్చింది నేనే. ఒకరికి నీతులు చెప్పే ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

భాయ్ తలెత్తి అటక వైపు చూశాడు. అక్కడ పాత షీటు ఒకటి మిగిలి ఉందని నాకు తెలుసు. దించుతాడేమోనని భయపడ్డాను.

"ఇస్త సార్," అన్నాడు చివరికి. "కానీ గీకుడు ఇగ నాతోని కాదు. పాత బిళ్ల మీరే గీకున్రి, మీరే ఊదున్రి." చాకు ఆయన చేతిలో పెట్టాడు.

"ఈ మాత్రం దానికి ఇంత బెట్టెందుకయ్యా? దుమ్మేగా!" అంటూ కృష్ణమోహన్ గారు మూత ముందు కూర్చున్నారు. చాకు ఆనించబోయి ఆగారు. జేబులోంచి దస్తీ తీసి, రెండు మడతలు వేసి, ముక్కూ నోరూ కప్పి బిగించి కట్టుకున్నారు.

భాయ్ ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు.

"అంటే మీకు ఎర్కనే," అన్నాడు మెల్లగా. "ఇరవై ఏండ్లల్ల గా దస్తీ నాకెప్పుడన్న ఇచ్చిన్రా సార్?"

కృష్ణమోహన్ గారు చాకు కింద పెట్టేశారు. కాసేపటికి, అదే కోయమన్నట్టు పచ్చ షీటు వైపు వేలు చూపించారు. నాకైతే ఆయన మీద ఒళ్లు మండిపోయింది. భాయ్ మాత్రం ఎప్పటిలాగే చాయ్ తెప్పించి ఆయన ముందు పెట్టాడు. చాయ్ చల్లారిపోయింది గానీ, ఆయన దస్తీ విప్పలేదు.