మైసయ్య నెలవంక ముద్ర

అలియాబాద్ కమ్మరి ఈదమ్మకు తొలి గెలుపు పద్నాలుగేళ్లకే దక్కింది, అదీ కన్నతండ్రితో కొట్లాడి. తండ్రిని పోగొట్టుకున్న ఇద్దరు గౌడ సోదరులు ఒక కల్లుగీత కత్తి కోసం పంచాయితీకి తగువుకొచ్చారు. కత్తి తన దగ్గరున్న చిన్నవాడు, ఇది నాయినది కాదు, మొన్న దసరా దాటాక నేను చేయించుకున్నదని ఒట్టు పెట్టాడు. ఈదమ్మ కత్తిని తిప్పి చూసి, పాతదేనంది.

ఆమె తండ్రి మైసయ్య తాను చేసిన ప్రతి కత్తి మీదా నెలవంక ముద్ర కొట్టేవాడు. ఆ దసరా పూజనాడు ముద్ర ఉలి చేయిజారి, ఇనుము సాగగొట్టే దాగలి మీద పడి, నెలవంక ఎడమ కొస విరిగింది. ఈ కత్తి మీద రెండు కొసలూ నిండుగా ఉన్నాయి.

"నేను కొట్టిన ముద్దర నాకు తెల్వదా? గిది కొత్తదే. నడువ్ ఇంట్లకు!" అని మైసయ్య కసిరాడు.

ఆమె కదల్లేదు. ఇనుప ముక్క కాల్పించి, దాని మీద ముద్ర కొట్టించి, రెండూ పక్కపక్కన పెట్టింది. కొత్త ముద్రకు ఎడమ కొస లేదని మైసయ్యే ఒప్పుకున్నాడు. ఆ పంచాయితీలో కూర్చున్నవాళ్లలో అప్పుడు నేనే చిన్నవాణ్ణి, ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. ఊరి బడిలో ఏడు చదివి, రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచి, ఊరికి బోరింగు తెప్పించినవాణ్ణి. ఎవరినీ ఊరికే మెచ్చుకోను. ఈదమ్మను మెచ్చుకుంటాను.

భర్త పోయాక కొలిమి ఆర్పకుండా ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఏడుగురు కమ్మరుల ముద్రలు ఆమెకు కంఠతా వచ్చు. దేవరయాంజాల్‌లో ఒకరింటి కొడవలి చూసి అది తయారైన ఏడు చెబితే, అది ఆ ఇంటి పెద్దాయన పెళ్లయిన ఏడే అయింది.

మొన్న జనవరిలో కౌకూర్ కాలనీ నుంచి ఫణిభూషణ్ గారొచ్చారు. భీమవరం మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. పాత కత్తులు సేకరించి గోడకు వరసగా బిగించుకుంటారు. కాలనీ హాల్లో ప్రదర్శన పెడుతున్నారట. గుడ్డ విప్పి ఒక కత్తి ఈదమ్మ ముందు పెట్టారు.

"మీ నాన్నగారిదేనండీ. పందొమ్మిదొందల అరవై ఐదు నాటిదని అమ్మినాయన చెప్పాడు. మీరూ ఒక మాట అంటే, రాసుకొచ్చిన చీటీ తగిలించేస్తాను."

ఈదమ్మ ముద్ర మీద బొటనవేలు ఆనించింది. "ఎడమ కొస లేదు సారూ. అరవై ఐదుల ఉండె, ఎనభై దసరకు ఇరిగింది."

"అయితే ఎనభై తర్వాతిదంటారా?"

"అదిగూడ గాదు. మా నాయిన ఇనుము ఎర్రగున్నప్పుడే ముద్దర గొట్టేటోడు. గిది సల్లారినంక గొట్టిన్రు, అంచులు గోటికి తగులుతానయి. గీ కత్తి మా నాయిన చెయ్యలే."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "తక్కువ చేసి చెప్పి, తర్వాత మీరే ఎవరి చేతనైనా కొనిపిద్దామనా అమ్మా?"

"సారూ, నీ గోడకు బొంకు తగిలిచ్చుకుంటే నాకేంది? దాని కింద మా నాయిన పేరు రాయకు, గంతే."

కత్తి మాత్రం రెండు రోజులు తన దగ్గర ఉంచమని అడిగింది. ఆయన నమ్మీ నమ్మక, కత్తికి నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని మరీ వెళ్లారు.

కొస విరిగిన ముద్ర అంటే అది మైసయ్య ఉలే, అదింకా ఎవరి చేతిలోనో ఉంది. ఈదమ్మ పుట్టింట్లో ఒక కట్టడి ఉంది. కమ్మరి చనిపోతే పదకొండో రోజున అతని ముద్ర ఉలిని పసుపు గుడ్డలో కట్టి చెరువులో వేస్తారు, చనిపోయినవాడి పేరుతో మరో కత్తి పుట్టకూడదని. కట్టిన మూట ఎవరూ విప్పరు. మైసయ్య మూటను శామీర్‌పేట చెరువులో వేసింది నేనే.

ఈదమ్మ నావైపు తిరిగింది. "కాకా, నువ్వు ఏసినవా, లేదా?"

"నా చేతుల్తోని ఏసిన బిడ్డా. నన్నే అనుమానపడ్తవా?"

"విప్పి సూసినవా?"

"విప్పొద్దు గదా!"

"మరి కట్టిందెవలు?"

కట్టింది ఆమె తమ్ముడు బాలేష్. మేడ్చల్‌లో గేట్లు చేసే వెల్డింగు దుకాణం అతనిది. మర్నాడే ఇద్దరం వెళ్లాం. అతను చాయ్ తెప్పించాడు. ఆమె ఉలి ఊసెత్తకుండా కత్తి బల్ల మీద పెట్టి, "గిది ఎన్నేండ్ల కిందిదుంటది తమ్మీ?" అంది.

"అరవై ఏండ్లయితది అక్కా. నాయిన చేసిందే."

ఈదమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ముద్దర సూడకుండనే చెప్పినవేందిరా? నువ్వు కమ్మరోనికే పుట్టినవా?"

బాలేష్ మొఖం తెల్లబోయింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, పారిపోతాడేమోనని. అతను చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "నాయిన చెయ్యి పట్టిన ఉలి అక్కా. నీళ్లల్ల ఎయ్య మనసు రాలే. మూటల గేటు బందు గట్టిన."

నేను దండం పెట్టి చెరువులో వేసింది గేటుకు బిగించే ఇనుప బందునన్నమాట!

"ఇగ ఉలేది?"

"పాత సామాన్ల సేటు సూసిస్తనని తీస్కపోయిండు. నాందేడాయన. రెండు దినాలన్నడు."

"ఎన్నడు తీస్కపోయిండు?"

"రెండేండ్లయితాంది."

ఆ ఉలితోనే దొంగ కత్తులు పుడుతున్నాయని అర్థమై ఈదమ్మ లేచింది. కత్తి ఫణిభూషణ్ గారికి తిరిగిచ్చి, విన్నదంతా దాచకుండా చెప్పింది. ఆయన చీటీ చించేశారు.

సేటు ఆచూకీ దొరికేసరికి మార్చి వచ్చింది; నిన్న మేడ్చల్ స్టేషన్‌లో అక్కాతమ్ముళ్లు నాందేడ్ రైలెక్కారు. బాలేష్ ఒక్కడే వెళ్లి తెస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. సేటు వేరే ఉలి చేతిలో పెట్టొచ్చని, పోల్చుకోవడానికి చిన్నప్పుడు ముద్ర కొట్టించిన ఆ ఇనుప ముక్కను సంచిలో వేసుకుంది. తెచ్చాక కట్టడి కాదన్నా సరే, మూట విప్పి చూసి, కొస విరిగిన నెలవంకను వేలితో తడిమి మరీ చెరువులో వేస్తాను. తిరుగు ప్రయాణం టికెట్టు నాకు చూపించింది: మార్చి పన్నెండు, గురువారం.