చీటీలో చివరి వరస

మా మేనత్త రోజూ సాయంత్రం షాపు మూసి తాళం వేశాక దాన్ని మూడుసార్లు గట్టిగా లాగి చూస్తుంది. నాలుగు మెట్లు దిగుతుంది. మళ్లీ ఎక్కి ఇంకోసారి లాగుతుంది. ఆ తాళం ఎప్పటికైనా ఊడితే మా అత్త చేతిలోనే ఊడుతుందని ఎదురుగా ఉన్న జెరాక్సు షాపాయన అంటుంటాడు. అత్త ఆ మాటకు నవ్వదు. తన తాళం మీద ఆయనకంత ఆసక్తి ఎందుకా అని ఆలోచిస్తూ ఇంటికి నడుస్తుంది.

ఆ షాపులో ఆమె ముప్పై ఏళ్లుగా పుస్తకాలు బైండు చేస్తోంది. అక్కడికి వచ్చేవన్నీ అట్టలు ఊడినవీ, మొదటి పేజీలు పోయినవీ. చదివేది కూడా వాటినే కాబట్టి, ఎలా మొదలయ్యాయో తెలియని నవలలు వందైనా చదివి ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. రెండు వీధుల అవతల ఒక పాత మేడ మీద, రెండు గదుల ఇంట్లో మా నాయనమ్మతో ఉంటుంది. కింది వాటాలో ఉండే టైలరు ఆమెకు ఆరో క్లాసు నుంచి స్నేహితురాలు.

శనివారం మధ్యాహ్నం షాపులో ముగ్గురు కలుస్తారు. మూడో మనిషి బస్సు కండక్టరు, వాళ్లిద్దరికంటే పదేళ్లు చిన్నది. ఒక్కొక్కరూ ఆ వారం చదివిన పుస్తకం ఒకటి, ఇంట్లో బాగా కుదిరిన వంట ఒకటి తెచ్చి పక్కవాళ్లకు ఇవ్వాలి. వంట నోటితో చెప్పకూడదు. చీటీ మీద రాసి, పుస్తకంలో తమకు బాగా నచ్చిన పేజీలో పెట్టాలి. పుచ్చుకున్నవాళ్లు చదువుతూ చదువుతూ ఆ పేజీ చేరాకే చీటీ తీయాలి. పుస్తకం చదవకుండా వంట మాత్రం కొట్టేసేవాళ్ల కోసం ఈ నిబంధన పెట్టింది అత్తే. ఎవరిమీద అనుమానంతో పెట్టిందో ఎవరూ అడగలేదు. కండక్టరు యాత్రల పుస్తకాలే తెస్తుంది. ఒకే దారిలో రోజుకు పన్నెండుసార్లు తిరిగే మనిషికి ఆ మాత్రం ఉండాలంటుంది. టైలరుకు హత్య జరగని నవల నచ్చదు.

రెండేళ్ల కిందట వానల్లో నాయనమ్మకు జ్వరం వచ్చి మూడు వారాలు వదల్లేదు. పోతూ పోతూ నోటి రుచిని కూడా పట్టుకుపోయింది. ఏం పెట్టినా రెండు చెంచాలు తిని పళ్లెం పక్కకు జరిపేది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి సెలైను ఎక్కించాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రికి వెళ్తే తిరిగి రానని నాయనమ్మ తేల్చేసింది. అప్పుడు టైలరు ఒక గిన్నెలో గుమ్మడికాయ సూపు తెచ్చింది. నాయనమ్మ గిన్నె ఖాళీ చేసి, ఇంకా ఉందా అని అడిగింది.

ఆ రోజు నుంచి టైలరు మధ్యాహ్నం పూట మెషిను ఆపి, సూపు గిన్నెతో మేడ మెట్లు ఎక్కేది. అత్త షాపులో ఉండే వేళ అది. నాయనమ్మ మొహం తేటపడుతోందని అత్తకు సంతోషంగానే ఉంది. కానీ సాయంత్రం ఇల్లు చేరగానే "టైలరు పిల్ల వచ్చి వెళ్లింది" అని నాయనమ్మ చెప్పే తీరు ఆమెకు గుచ్చుకునేది. ఒకసారి మధ్యలో ఇంటికి వస్తే, గదిలో ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో చెప్పుకుంటున్నారు. అత్త గడపలోకి రాగానే మాటలు ఆగిపోయాయి. టైలరు గిన్నె తీసుకుని, కుట్టాల్సిన బ్లౌజులున్నాయంటూ దిగిపోయింది. ఏమిటా కబుర్లని అడిగితే నాయనమ్మ కళ్లు మూసుకుని పడుకుంది.

సూపు రాసిమ్మని అత్త అడిగింది. వచ్చే వారం అంది టైలరు. ఆ వచ్చే వారం కూడా వచ్చే వారమే అంది. మూడో శనివారం ఒక లావుపాటి డిటెక్టివ్ నవల తెచ్చి బల్ల మీద పెట్టింది. గుడ్డ కొలతలు గీసుకునే ఖాకీ కాగితం మీద రాసిన చీటీ, పుస్తకమంత పొడవున, మధ్యలో ఎక్కడో ఉంది. నాయనమ్మ కోసమైనా నిబంధన సడలించుకోమని కండక్టరు అంది. అత్త ఒప్పుకోలేదు.

ఆ నవల అట్ట ఊడి, వీపు పగిలి, అంచులు కుక్క పీకినట్టున్నాయి. అలాంటి పుస్తకం చేతపట్టి చదవడం అత్తకు చేతకాదు. ఆ సాయంత్రమే వీపుకు జిగురు పట్టించి, కొత్త అట్ట వేసి, ఆదివారం పొద్దున్నుంచి చదివింది. నూట పన్నెండో పేజీలో చీటీ దొరికింది. గుమ్మడికాయ ముక్కలు, ఉల్లిపాయ, వెన్న, నాలుగు నిమ్మతొక్కలు, ఎంత నీళ్లు, ఎంతసేపు, అన్నీ ఉన్నాయి.

సోమవారం చేసింది. నాయనమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని అత్త మొహంలోకి చూసింది.

"ఇది టైలరు పిల్ల చేసింది కాదు" అంది.

చేదుగా ఉంది. గుమ్మడికాయ మార్చి మంగళవారం చేసింది. వెన్న మార్చి బుధవారం చేసింది. చేదు పోలేదు. బుధవారం ఆ చీటీని కిటికీ దగ్గర పట్టుకుని చూసినప్పుడు అట్టడుగున ఏదో కనిపించింది. అంచు వెంబడి చిన్న చిన్న తలకట్లు, గుడులు, ఒకదాని పక్కన ఒకటి. కింద అక్షరాలు లేవు. ఇంకో వరస ఉండేదన్నమాట. దాన్ని ఎవరో కత్తిరించారు, వంకర లేకుండా, చెయ్యి తిరిగినవాళ్లు కత్తిరించినట్టు.

కత్తెర పట్టి బతికే మనిషి ఎవరో వెతుక్కోవాల్సిన పని లేదు. వచ్చే వారం, వచ్చే వారం అన్న మాటలూ, గదిలో ఆగిపోయిన కబుర్లూ అన్నీ వచ్చి ఆ అంచు దగ్గర నిలబడ్డాయి. రాసి, మనసు మారి, కత్తిరించింది. అమ్మ కూతురి చేతి వంటకు లొంగకూడదని. ఆ మూడు రోజులూ టైలరు గిన్నె తెస్తూనే ఉంది, నాయనమ్మ తింటూనే ఉంది. అది చూసి అత్తకు ఇంకా మండింది.

శనివారం షాపులో ఆమె చీటీని బల్ల మీద పరిచింది.

"చివరి వరస ఏమైందే?"

టైలరు కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఉండాలే. రాశాను."

"రాశావు. రాశాక కత్తిరించావు. నీ చేతిలో కత్తెర ఊరికే ఉండదుగా."

"ఇదేంటక్కా" అంది కండక్టరు. "మా బస్సులో టికెట్టు లేనివాడిని కూడా నేనిలా నిలదీయను."

అత్త ఆమె వైపు తిరగలేదు. "మా అమ్మని నీ గిన్నెకి అలవాటు చేసి, నన్ను మాత్రం చేదు వండుకోమన్నావు. అవునా కాదా?"

టైలరు చీటీని వెనక్కి తోసింది. తర్వాత కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టుకుంది.

"నలభై ఏళ్ల తర్వాత నీకలా అనిపిస్తే, అలాగే అనుకో" అని లేచి వెళ్లిపోయింది.

ఆదివారం సూపు రాలేదు. సోమవారమూ రాలేదు. టైలరు పిల్లకు ఒంట్లో బాలేదా అని నాయనమ్మ రెండుసార్లు అడిగింది, మూడోసారి అడగలేదు. బుధవారానికి మళ్లీ రెండు చెంచాలకు వచ్చింది. వచ్చే సోమవారం బరువు చూసి, తగ్గితే ఆసుపత్రేనన్నాడు డాక్టరు. కిందికి దిగి అడగమని కండక్టరు చెప్పి చూసింది. నాయనమ్మను చూడ్డానికి వచ్చిన నేనూ చెప్పాను. తప్పు చేసినవాళ్లే మెట్లెక్కాలని అత్త భీష్మించుకు కూర్చుంది. ఆ రోజుల్లో తాళం లాగడం నాలుగు నుంచి ఆరుకు పెరిగింది.

గురువారం నవల తిరిగి పంపేద్దామని షాపుకు పట్టుకెళ్లింది. తనది కాని చీటీ తన దగ్గర ఎందుకని దాన్ని మళ్లీ నూట పన్నెండో పేజీలో పెట్టి, బైండింగు వాళ్ల అలవాటు కొద్దీ పుస్తకాన్ని నిలబెట్టి బల్లకేసి తట్టింది. చీటీ కిందికి జారి ఆగింది. అడుగున చూస్తే పుస్తకం అంచూ చీటీ అంచూ ఒక్కటిగా ఉన్నాయి, వెంట్రుకంత తేడా లేకుండా. అత్త వేలితో తడిమింది. ఆమె కటింగు మెషిను బ్లేడు ఒకచోట చిన్నగా విరిగి ఉంది. ఏది కోసినా అక్కడ సన్నని గీత పడుతుంది. ఆ గీత పుస్తకం మీదుగా వచ్చి, చీటీ అంచు మీదుగా సాగి, మళ్లీ పుస్తకం మీదికి పోయింది.

అట్ట వేశాక మూడు వైపులా అంచులు సమంగా కోయడం బైండింగులో చివరి పని. పేజీ చేరకముందే చీటీ తీయకూడదన్న తన నిబంధన ప్రకారం, చీటీని లోపలే ఉంచి కోసేసింది.

మెషిను కింద కోసిన కాగితం ముక్కల గోనెసంచి ఉంటుంది. నెలకోసారి కాగితాలవాడు వచ్చి పట్టుకుపోతాడు. అత్త సంచిని నేల మీద గుమ్మరించి, షట్టరు సగం దించి కూర్చుంది. నేను వెళ్లేసరికి తెల్ల ముక్కల మధ్య మోకాళ్ల మీద ఉంది. ఏం పోయిందని అడిగితే, ఖాకీ రంగు ముక్క వెతకమంది తప్ప ఇంకేం చెప్పలేదు. గంటన్నరకు దొరికింది. వేలెడు వెడల్పు. దాని మీద తలలు లేని అక్షరాలు: మెదిపే ముందు నిమ్మతొక్కలు తీసేయాలి. మరిచిపోయి చివర్లో ఇరికించి రాసినట్టు వంకరగా ఉన్నాయి.

అత్త తొక్కలతో సహా మెదిపేది.

అక్కడి నుంచి నేరుగా టైలరు గదికి వెళ్లింది. నేను గుమ్మం దగ్గరే ఆగాను. టైలరు లంగా అంచు కుడుతోంది, కాలు ఆపలేదు. అత్త చీటీని, ముక్కని మెషిను బల్ల మీద ఒకదాని కింద ఒకటి ఆనించి పెట్టింది. అప్పుడు చక్రం ఆగింది.

"నీ మెషినా?" అంది టైలరు.

"నాదే."

టైలరు ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. అత్త క్షమించమనడానికి నోరు తెరిచింది. అంతలో టైలరే మాట్లాడింది.

"నిజం చెప్పనా? ఆ వరస రాయకూడదనే అనుకున్నాను. పుస్తకం మూసేశాను కూడా. మళ్లీ తెరిచి రాశాను."

"ఎందుకు రాయకూడదనుకున్నావే?"

"మీ అమ్మ నా కోసం ఎదురుచూస్తుంది. నా కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకెవరున్నారు? బ్లౌజులు ఇచ్చినవాళ్లు తప్ప."

అత్త స్టూలు లాక్కుని కూర్చుంది. "మరి నేను రాగానే మాటలెందుకు ఆపేసేవాళ్లు?"

"నవలలో హంతకుడెవరో ఆవిడకి చెప్పేదాన్ని. ముందే తెలిస్తే తప్ప ఆవిడకి నిద్రపట్టదు. నీకు తెలిస్తే నువ్వు చదవవు. ఏం చేయమంటావు?"

అత్త ముక్కని మళ్లీ చీటీకి ఆనించింది. "హంతకుడు ఎవరో నాకు ముందే అనుమానం వచ్చింది" అంది.

"నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది" అని టైలరు లంగా పక్కన పెట్టి, గుమ్మడికాయ ఉందో లేదో చూడ్డానికి లోపలికి వెళ్లింది.

ఆ సోమవారం నాయనమ్మ బరువు తగ్గలేదు. సూపు చేయడం అత్తకు ఇప్పుడు బాగానే వచ్చు. అయినా మధ్యాహ్నం గిన్నె తెచ్చేది టైలరే. శనివారాలు వాళ్లు నాయనమ్మ గదిలో కలుస్తున్నారు, నలుగురు.