బణ్ణాల వీధిలో ఎర్ర గీత

మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది గానీ చినుకు రాలలేదు. మా పట్టుగూళ్ళు మార్కెట్టుకు వెళ్ళిపోయాయి. పురుగులు గూడు కట్టే చంద్రికలను ఎండబెడదామంటే ఎండ లేదు, గాలికే ఆరబెట్టాం. పురుగుల ఇంటిని బ్లీచింగు నీళ్ళతో కడిగి తలుపులు బార్లా తీసి పెట్టాం. మల్బరీ తోట మొదళ్ళ దాకా నరికేశాక మళ్ళీ ఆకు కోతకు వచ్చేదాకా మా ఊరు సాదలిలో నాకు పెద్ద పని ఉండదు. అలాంటి ఖాళీల్లోనే ఊళ్ళు తిరిగి ఇక్కడ రాస్తుంటాను. ఈసారి దూరం పోలేదు. చింతామణికి పోయినప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఒక వీధి కనిపించేది. అందులో ఏ గోడా పక్క గోడ రంగులో ఉండదు. అక్కడ నాలుగు రోజులు అద్దెకు ఉండాలని, అక్కడి నుంచే కైవారం గుడి చూసి రావాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

సోమవారం పొద్దున సాదలిలో ఎక్కి శిడ్లఘట్టలో బస్సు మారాను. చింతామణి చేరడానికి రెండు గంటల పైనే పట్టింది. కర్ణాటకలో ఉండే ఆడవాళ్ళు ప్రభుత్వ బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే చాలు, డబ్బు కట్టే పని లేదు. మగవాళ్ళు వంద రూపాయలు దగ్గర పెట్టుకుంటే రెండు బస్సులకూ సరిపోతుంది. బస్టాండు నుంచి ఆటోకు నలభై అడిగారు. వీధి పేరు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"బణ్ణాల వీధికా? చుట్టాలుండారామ్మా?"

"లేరు. రూము మాట్లాడుకున్నా."

"ఇప్పుడు రూమా! ఉండేవాళ్ళే సామాన్లు యాడ పెట్టుకోవల్లనో తెలీక తిరుగుతాండారు. నువ్వు బ్యాగు విప్పొద్దు తల్లీ, చేతిలోనే పెట్టుకో." పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు.

బణ్ణం అంటే కన్నడంలో రంగు. ఆ వీధిలో దాదాపు అందరూ పెయింటర్లు. ఇళ్ళకు వేసేవాళ్ళు, లారీలకు వేసేవాళ్ళు, అంగళ్ళ బోర్డులు రాసేవాళ్ళు. కలిపిన రంగు డబ్బాలో ఉంచితే గడ్డకడుతుంది కాబట్టి, పనిలో మిగిలింది ఏదైనా ఆ సాయంత్రమే సొంత గోడకు పూసేయడం అక్కడి అలవాటు. అందుకే ఒకే గోడ మీద కల్యాణ మంటపం గులాబీ, ఆసుపత్రి నీలం, లారీ పసుపు పక్కపక్కన ఉంటాయి. ఫలానా రంగు వెయ్యమనిగానీ వద్దనిగానీ ఎవరూ ఎవరికీ చెప్పరు. వీధికి సంఘం లేదు, పెద్దమనిషి లేడు. ఎన్నికలప్పుడు కూడా ఆ గోడల మీద ఏ పార్టీ గుర్తూ రాయనివ్వరట. ఏం అడిగినా "ఎవరి గోడ వాళ్ళది" అంటారు. ఆ మాట నాకు నచ్చింది.

నాకు గది ఇచ్చింది లక్ష్మీదేవమ్మ. భోజనంతో కలిపి రోజుకు నాలుగు వందలు. ఆమె భర్త చౌడప్ప బోర్డులు రాస్తాడు. ముందు గదిలో ఆమె పొద్దున పూట ఇడ్లీ, చిత్రాన్నం అమ్ముతుంది. ఇల్లు నడిచేది ఎక్కువగా ఆ గది మీదే. చౌడప్పకు పని దొరికే రోజులు తగ్గిపోయాయి, బోర్డులన్నీ ఇప్పుడు ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చు వేస్తున్నారు.

అరుగుకు పక్కన, వీధి నుంచి లోపలికి పోయే గోడ మీద నిలువుగా ఒక ఎర్ర గీత ఉంది. చూస్తే ఆ వరసలో ప్రతి అరుగు గోడ మీదా ఉంది. అదేమిటని అడిగాను.

"రోడ్డు వెడల్పు చేస్తారంట. గీతకు వీధి పక్క ఉండేదంతా కొడతారు, ఇంటి పక్కది ఉంటాది," అంది లక్ష్మీదేవమ్మ. "మాది చూడమ్మా, అరుగులో సగానికి ఉండాది. అరుగు పోతే పోనీ. పొయ్యి ఉండే గది మిగిలింది."

ఆ మాట అంటూనే ఆమె రోడ్డు వైపు చెవి పెట్టింది. ఏదో బరువు బండి పోతోంది. పక్కింట్లో రుబ్బురోలు ఆగింది. బండి దాటిపోయాక మళ్ళీ మొదలైంది. నేనున్న మూడు రోజులూ ఆ వీధి ఇలాగే ఉంది. లారీ వచ్చినా, ట్రాక్టరు వచ్చినా చేతిలో పని ఆపి వినేవాళ్ళు. రెండో రోజుకు నేనూ ఆపడం మొదలుపెట్టాను.

మంగళవారం కైవారం వెళ్ళాను. బస్టాండులో తరచుగా బస్సులుంటాయి, అరగంట ప్రయాణం. పొద్దున్నే పోతే గుడి చూసుకొని, కొండ కొంత ఎక్కి, అక్కడే అన్నదానంలో తిని మధ్యాహ్నానికి వెనక్కి రావచ్చు. నేను మూడింటికి తిరిగొచ్చేసరికి వీధి మొదట్లోనే కొత్త పెయింటు వాసన కొట్టింది. చౌడప్ప అరుగు మీద కూర్చొని బ్రష్షు కడుగుతున్నాడు. పక్క గోడ లేత పచ్చగా మెరుస్తోంది. ఎర్ర గీత లేదు.

"బడికి వేసింది మిగిలినాదమ్మా," అన్నాడు. "ఆ గీత చూస్తాంటే అన్నం దిగల్యా. గోడ మీద మచ్చ పెట్టుకొని పెయింటరని ఎట్ల చెప్పుకునేది?"

సంత నుంచి సంచితో వచ్చిన లక్ష్మీదేవమ్మ మెట్టు దగ్గరే నిలబడిపోయింది.

"ఏం పని చేస్తివయ్యా? రేపు వాళ్ళొస్తే ఏం చూసి కొడతారు?"

"అరుస్తావేంటికి? మునెప్ప గోడ మీద ఉండాది గదా గీత. దాన్ని పట్టుకొని కొలిస్తే మనది రాదా?"

ఆమె సంచి కింద పెట్టి మునెప్ప ఇంటికి నడిచింది. రెండిళ్ళ అవతల. నేనూ వెంట పోయాను. మునెప్ప లారీలకు రంగులేసేవాడు, వయసులో చౌడప్పకంటే పెద్ద. అతని అరుగు గోడ తడి పసుపు రంగులో ఉంది.

"నువ్వూ పూస్తివా అప్పా!"

"మీది ఉండాది గదాని పూస్తినమ్మా," అన్నాడు మునెప్ప. అంటూనే అతని ముఖం మారిపోయింది.

ముగ్గురమూ వరస పొడుగునా చూసుకుంటూ పోయాం. ఒక గోడ నీలం, ఇంకొకటి గోధుమ రంగు, తర్వాతది సున్నం. కొన్నిటికి వేలు పెడితే అంటుకుంది. ఒకరితో ఒకరు అనుకొని చేసింది కాదు. పక్కవాడి గీత ఉంది కదాని ఎవరికి వాళ్ళు తమది చెరిపేశారు. మిగిలింది చిట్టచివర, తాళం వేసిన ఇంటి మీద ఉన్న గీత ఒక్కటే. ఆ ఇంటివాళ్ళు బెంగుళూరులో ఉంటారు.

లక్ష్మీదేవమ్మ ఇంటికొచ్చి సంచి తీసుకొని లోపలికి పోయింది. నా గది వెనక వైపు ఉంది, దానికేమీ కాదని నాకు తెలుసు. అయినా బ్యాగు సర్ది మంచం మీద పెట్టుకున్నాను.

బుధవారం ఇడ్లీలు దించే వేళకు జేసీబీ వచ్చింది. దాన్ని చూడకముందే పొయ్యి మీద గిన్నె మూత అదిరింది. తినడానికి కూర్చున్న ఇద్దరు సగంలో లేచి చెయ్యి కడుక్కున్నారు. కంట్రాక్టరు మనిషి, టోపీ పెట్టుకున్న నడివయసతను, వీధి ఒక చివర నుంచి రెండో చివర దాకా నడిచి వెనక్కి వచ్చాడు.

"గీతలు యాడప్పా?"

అతను సర్వే మనిషికి ఫోను చేశాడు. ఆయన గుడిబండెలో వేరే పనిలో ఉన్నాడట, వచ్చే వారం గానీ రాడట. బండి బాడుగ ఊరికే పోతుందని ఇతను అన్నాడు. చివరి ఇంటి గీత దగ్గర ఒక మేకు కొట్టించాడు. ఇవతల రోడ్డు మూలన పాతిన హద్దు రాయికి దారం కట్టి ఆ మేకు దాకా లాగించాడు.

ఆ వరస నేరుగా ఉండదు. మునెప్ప ఇంటి దగ్గర కొంచెం లోపలికి పోయి, లక్ష్మీదేవమ్మ ఇంటి దగ్గర బయటికి వస్తుంది. సర్వే వాళ్ళు ఆ వంక చూసుకొని గీతలు జరిపి గీశారు. దారానికి వంక లేదు. మునెప్ప అరుగును తాకకుండా ముందు నుంచి పోయింది. లక్ష్మీదేవమ్మ ఇంటికొచ్చేసరికి అరుగు దాటి, గది పక్క వాకిట్లోంచి లోపలికి దూరి, పొయ్యిని ఆనుకొని అవతలి కిటికీలోంచి బయటపడింది.

చౌడప్ప లోపలికి పరుగెత్తి ఇనుప రేకు తెచ్చాడు. అరుగు గోడ మీద పచ్చ రంగు గీకడం మొదలుపెట్టాడు. పెచ్చులు పెచ్చులుగా ఊడి, కింద ఎర్రగా బెత్తెడు కనిపించింది.

"ఇదో సార్, ఇదో! ఇక్కడికే కొలిచినారు. నా కండ్ల ముందర గీసినారు."

టోపీ అతను వంగి చూశాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే అన్నాడు. "ఇది వాళ్ళు గీసిందో, నువ్వు గీసిందో ఎట్ల తెలిసేదప్పా? ఈ వీధిలో ఎర్ర డబ్బా లేని ఇల్లు ఒకటి చూపించు."

లక్ష్మీదేవమ్మ మునెప్ప వైపు తిరిగింది. "నువ్వు చెప్పప్పా. మా గీత యాడుండిందో నువ్వు చూసినావు గదా. నీకూ తెలుసు గదా."

మునెప్ప తన అరుగు మీదే ఉన్నాడు. దారం అతని మెట్టుకు జానెడు దూరంలో ఉంది. దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. "నేనెట్ల చెప్పేదమ్మా," అన్నాడు. "ఎవరి గోడ వాళ్ళది."

నేను చూశానని చెప్పాను. "మీరు ఈ ఊరేనామ్మా?" అని అడిగాడు టోపీ అతను. కాదన్నాను. అంతటితో సరి.

సామాను తీసుకోవడానికి సమయమిచ్చారు. ఇడ్లీ పాత్ర, గ్యాసు సిలిండరు, బెంచీలు అందరం కలిసి వెనక్కి మోశాం. మునెప్ప కూడా వచ్చి ఒక బెంచీ పట్టాడు, ఆమె వద్దనలేదు. మధ్యాహ్నానికి ముందు గోడ పడింది. లోపలి గోడకు ఎన్నో ఏళ్ళుగా పూసిన రంగులు, పగిలిన చోట పొరలు పొరలుగా బయటపడ్డాయి. చౌడప్ప వాటి వైపు చూడలేదు.

నేను ఆ వీధిని మెచ్చుకుంటూ రాయాలని వెళ్ళాను. ఎవరి ఇష్టం వాళ్ళది అనే మనుషుల మధ్య ఉండడం హాయిగా ఉంటుందనుకున్నాను. సోమవారం హాయిగానే ఉంది కూడా. మా ఊళ్ళో ఒకరి పురుగుల ఇంట్లో రోగం కనబడితే పక్కవాళ్ళకు చెప్పి తీరాలి, లేకపోతే అందరి పంటా పోతుంది. ఆ చెప్పడం, అడగడం నాకు విసుగ్గా ఉండేది. బణ్ణాల వీధిలో అందరూ ఒకే భయంతో ఉన్నారు, ఒకే పని చేశారు, పక్కింటికి పోయి ఒక్క మాట అడగలేదు. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. అక్కడ ఉండి ఉంటే నేనూ అడిగేదాన్ని కాదేమో. ఇది రాస్తుంటే కూడా మా రోడ్డు మీద బండి చప్పుడైతే చెయ్యి ఆగుతోంది.

కైవారం చూడాలనుకునేవాళ్ళకు ఇప్పటికీ చింతామణిలో ఉండడమే అనుకూలం. ఒక్క సలహా: పాత వీధుల్లో ఇంటి గది తీసుకుంటే డబ్బు కట్టకముందే రోడ్డు పని ఉందా, గోడ మీద గీత ఎక్కడి దాకా ఉంది అని ఇంటివాళ్ళను అడిగి, వెనక గదే తీసుకోండి.

లక్ష్మీదేవమ్మ గురువారం పొద్దున ఏడు గంటల బస్సుకు, ఇడ్లీ పాత్ర తీసుకొని, బాగేపల్లిలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది. నేను అదే రోజు మధ్యాహ్నం బయలుదేరాను. చౌడప్ప వెళ్ళలేదు.