పేర్లడిగిన టీచరమ్మ

ఆదోని నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన మా తమ్ముడు బడి గేటు దగ్గరే నిలబడి చెప్పాడు: "అక్కా, టీచరమ్మ పొయ్యింది." ఎమ్మిగనూరు బడిలో నా మూడో తరగతి పిల్లలు గొంతెత్తి ఎక్కాలు చదువుతున్నారు. సమాధి ఎప్పుడని వాణ్ణి అడిగాను.

ఆమె ఆదోనిలో మా సంఘానికి ఆదివారపు బడి నడిపేది. డెబ్బైలలో నేను ట్రైనింగు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఆమెకు దగ్గరయ్యాను. అప్పటికే ఆమెకు యాభై దాటాయి. ప్రార్థనలో "లోకమంతా" అనేది కాదు. హాలహర్వి అవతలి పల్లెలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి తలచేది. "లోకమంతా అంటే యెవురూ కాదు పాపా" అనేది నాతో.

ఆ వైపు గొర్రెలు తోలుకుంటూ కర్ణాటకలోకి పోయివచ్చే కాపరుల కుటుంబాలుండేవి. ఒక చోట నిలవని ఆ మనుషుల దగ్గరికి ఏ ఉపదేశీ పోలేదు. వాళ్ళది కన్నడం. మా జిల్లా కృష్ణగిరిలోనే పుట్టిన టీచరమ్మకు తెలుగు తప్ప రాదు. అందుకని ఆ పల్లెల్లో గాజులమ్మే పక్కింటి బీబీ దగ్గర పాఠాలకు కూర్చుంది. "నిమ్మ హెసరేను?" అని బీబీ నేర్పితే, "పెసలెందుకు అడగాల?" అంది టీచరమ్మ. బీబీ కడుపు పట్టుకుని నవ్వింది.

"పెసలు గాదు, పేరు! ముందు పేరడుగు. నీ దేవుని మాట తర్వాత సెప్పుకో."

టీచరమ్మ అట్లాగే చేసింది. రెండేళ్ళు ఒక్కతే తిరిగింది. ఒకసారి మంద దగ్గర ఒక ముసలామె యేసు కథంతా ఓపిగ్గా విని, "బాగుందమ్మా. మీ గుడికి రమ్మంటాండావు. వస్తే గొర్లను యాడ పెట్టాల?" అని అడిగిందట.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె లేచి ఆ ప్రశ్నను సంఘం ముందు పెట్టింది. ఆడవాళ్ళు అట్లా లేచి మాట్లాడటం మాకు అలవాటు లేదు.

"వాళ్ళు ఈడికి రాలేరు. మనమే పోవాల. నాతో యెవురొస్తారు?"

సంఘపెద్ద అడిగాడు: "ఇంతవరకు యెంతమందికి బాప్తిస్మం ఇప్పించినావమ్మా?"

"ఒగరికీ లేదప్పా. నలభై మంది పేర్లు మాత్రం తెల్సుకున్యా."

కొందరు నవ్వారు. ఆమె ముఖం కందిపోయింది, కానీ కూర్చోలేదు. ఇంకొక్క నిమిషం ఆమెను ఒంటరిగా నిలబెట్టి చూడలేక నేను లేచాను. అది భక్తి అని చెప్పుకోలేను.

నాలుగేళ్ళు ఆమెతో తిరిగాను. ఎవరినీ తొందరపెట్టేది కాదు. "మన మాట వద్దన్న ఇంట్లో గూడా రేపు మంచినీళ్ళడిగే సనువుండాల" అనేది. అన్నేళ్ళకు యేసును నమ్ముకున్నది ఒక్క జంట, ఆ ముసలామె కొడుకూ కోడలూ. ముసలామె తన దేవుణ్ణి విడవలేదు. అయినా రొట్టె పెట్టకుండా టీచరమ్మను ఏనాడూ పంపలేదు. బాప్తిస్మం రోజున సంఘపెద్ద వాగు దాకా నడిచి వచ్చాడు. ఆ కోడలి దగ్గరికి పోయి, తడబడుతూనే కన్నడంలో పేరడిగాడు.

తర్వాత నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. నా రాకపోకలు తగ్గాయి, ఆమెవి తగ్గలేదు. ఎవరూ పోయి పేరైనా అడగని మనుషులు మన పల్లెల అంచుల్లో ఇంకా ఉన్నారు. ఇది చదివిన వాళ్ళలో ఒక్కరైనా లేస్తారేమోనని రాస్తున్నాను.

ఆమెను చివరిసారి చూసింది పోయిన ఎండాకాలంలో. మంద కర్ణాటక వైపు కదిలింది, ఆగే వీలు లేదు. చెప్పవలసింది ఇంకా మిగిలినట్టుంది, టీచరమ్మ కూడా వాళ్ళతో పాటే నడిచింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను చంకనెత్తుకుని, పక్కనున్న ఆడమనిషి వైపు తల వంచి ఏదో చెబుతూ పోయింది. గొర్రెలు లేపిన దుమ్ములో కాసేపటికి మనుషులు కలిసిపోయారు. ఆమె తెల్లకొంగు మాత్రం చాలాసేపు కనబడుతూనే ఉంది.