ఇరవై ఎనిమిదో నంబరు తీగ

రావులపాలెం బస్టాండులో అరటిగెలల లారీ అడ్డం తొలగేదాకా బస్సు ఆగి ఉంటే, నా చిన్ననాటి స్నేహితురాలు కిటికీ దగ్గరికొచ్చి చెప్పింది. "మన వీణ టీచరుగారు పోయారే. పన్నెండు రోజులైంది." నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నేనెక్కడ అందుబాటులో ఉన్నాను గనక! పదేళ్ళుగా ఆ గడప తొక్కలేదు. ఆ బస్సు దిగేసి రామచంద్రపురం బస్సెక్కాను.

ఆవిడ ఒంటరి మనిషి. రెండు గదుల అద్దె ఇల్లు, ఒక చిన్న వీణ, ఒక పెద్ద వీణ. కొత్త పిల్ల వస్తే పాడమనేవారు కాదు. "మీ అమ్మ వీధి చివర్న పోతోందనుకో. పిలువు" అనేవారు. పాడమంటే పిల్లలు దొంగగొంతు తీస్తారనీ, పిలవమంటే అసలు గొంతు బయటపడుతుందనీ ఆవిడ నమ్మకం. నేను "అమ్మా!" అని కేకేశాను. చాపమీది పిల్లలందరూ కిసుక్కున నవ్వారు. నాది మగగొంతు లెండి. కిరాణా కొట్లో కూర్చునే మా నాన్న కూడా, "ఎవరో బేరగాడొచ్చాడనుకున్నానే" అని ఏడిపించేవాడు.

టీచరుగారు నవ్వలేదు. వీణ మెట్ల మీద వేలు జరుపుతూ నా కేకని వెతికి పట్టుకున్నారు. "మూడు శ్రుతి. హాయిగా ఉందే అమ్మడూ!" అన్నారు. నా గొంతుని హాయిగా ఉందన్న మనిషి ఆవిడొక్కరే.

మిగతా పిల్లలది ఐదు శ్రుతి. వాళ్ళకి చిన్న వీణ సరిపోయేది. దాన్ని నాకోసం మూడుకి దింపితే సన్న తీగ వదులైపోయి మెట్ల మీద గిలగిల్లాడింది. అందుకని నాకు పెద్ద వీణ ఇచ్చి, ముప్పయ్యో నంబరు తీగ విప్పి, లావుపాటి ఇరవై ఎనిమిది వేశారు. "వీణ పొడుగు, తీగ లావు, మనిషి గొంతు. ఈ ముగ్గురూ ఒప్పుకోవాలే" అనేవారు. నంబరు పెరిగితే తీగ సన్నబడుతుందన్న సంగతి మా నాన్నకి చచ్చినా ఎక్కలేదు. ఎక్కువ నంబరైతే ఎక్కువ రోజులొస్తుందని రాజమండ్రి నుంచి ముప్పై రెండు పట్టుకొచ్చాడు.

ఆ తీగే నా కొంప ముంచింది. నవరాత్రుల కచేరీలో నాకు విడిగా ఒక పాట ఇచ్చారు, నా మూడు శ్రుతిలో. అందరిముందూ ఆ బొంగురు గొంతు వినిపించాలంటే సిగ్గుతో చచ్చాను. మధ్యాహ్నం ఆవిడ లేనప్పుడు ఇరవై ఎనిమిది పీకేసి, ముప్పై రెండు వేసి, ఐదుకి బిగించాను. అందింది కూడా. సన్నది గనక అట్టే బిగించక్కర్లేదు, తెగదనుకున్నాను. ఆ పొడుగు వీణ మీద ఐదులో లాగితే ఏ తీగైనా తెగుతుందని నాకేం తెలుసు? సాయంత్రం దొంగగొంతుతో మొదలుపెట్టి, మొదటి గమకం లాగానో లేదో టప్పున తెగి చెంపకి కొట్టింది. పందిరంతా నవ్వులు.

మర్నాడు టీచరుగారు మళ్ళీ ఇరవై ఎనిమిది చుడుతూ, "తీగ తెగితే ఇంకోటుందిలే. నువ్వూ ఐదులోనే పాడితే, మరి నీ గొంతు ఎవరు పాడతారే?" అన్నారు. ఆవిడ నానుంచి కోరింది అదొక్కటే. నాకేమో ఒళ్ళు మండింది. క్లాసు మానేశాను, పాటా మానేశాను. రెండుసార్లు కబురు పంపారు. వెళ్ళలేదు. తర్వాత రాజమండ్రిలో టైపిస్టు ఉద్యోగం, ఒంటిగది కాపురం. నోరు విప్పి మాట్లాడే పని కూడా పెద్దగా ఉండదు. వచ్చే నెల వెళ్దాంలే, పండక్కి వెళ్దాంలే అనుకుంటూనే పదేళ్ళు గడిపేశాను. ఎంత పొగరండీ నాకు!

నేను వెళ్ళేసరికి ఆవిడ తమ్ముడుగారు సామాను కడుతున్నారు. ఒకప్పుడు ఆవిడ దగ్గర వీణ నేర్చుకున్నానని చెప్పాను. "మొగల్తూరు తీసుకెళ్ళిపోతున్నానండి. దారిలో తీగలు బిగిసుంటే వీణలు పాడవుతాయంట కదండీ? ఏ బిరడా ఎటు తిప్పాలో నాకు తెలీదు. మీరు కాస్త వదులు చేసి పెడతారా అండీ?"

చిన్న వీణ తీగలు వదులు చేశాను. పెద్ద వీణ మీది గుడ్డ తీసి మీటాను. మూడు శ్రుతి. వేలితో తడిమాను. ఇరవై ఎనిమిది, కొత్త తీగ.

"ఇది ఎవరు వాయించేవారండీ?"

"ఎవరూ లేరండి. అక్కయ్య గొంతుకీ ఆ శ్రుతి పడదు. అయినా శుక్రవారం శుక్రవారం శ్రుతి చేసి పెట్టేది. ఎవరికక్కయ్యా అంటే, 'మూడు శ్రుతి పిల్ల ఒకతుందిరా, వస్తుంది' అనేదండి."

ఆయన తాడు తేవడానికి బజారుకెళ్ళారు. ఖాళీ గదిలో కూర్చుని తీగ మీటి, పదేళ్ళ తర్వాత "సా" అన్నాను. గొంతు జీరపోయి వచ్చింది గానీ, వెళ్ళి తీగ పక్కనే నిలబడింది. ఏడుపాగలేదు. ఏడుస్తూనే బిరడా తిప్పాను. తీగ రెండుకి దిగింది, నేనూ దిగాను. ఒకటికి దిగింది, నేనూ దిగాను. ఆ కింద నా గొంతు ఇక పలకలేదు. తీగ ఒక్కటే దిగుతూ పోయింది.